మండువా లోగిళ్లు: వాని జీర్ణోద్ధరణము

నడుమ ఆకాశము కనబడునట్లు ముంగిలి విడిచి, నాలుగు వైపుల సాలలు కట్టు పద్ధతి మన పూర్వులకు క్రొత్తది కాదు. క్రీ. శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనిని చతుశ్శాల యని పేర్కొని, వసారాల తీరును బట్టి సర్వతోభద్రము, నంద్యావర్తము మొదలైన భేదములు చెప్పెను. మృచ్ఛకటికము నాలుగవ అంకములో వసంతసేన యింటి ఎనిమిది ప్రకోష్ఠముల వర్ణన చదివినవారికి, లోగిలి వెంబడి లోగిలిగా ఇల్లెట్లు పెరుగునో తెలియును.

గోదావరి సీమలో నేడు నిలిచియున్న పెద్ద మండువాలు చాలవరకు అంత ప్రాచీనములు కావు. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట కాటను దొర పర్యవేక్షణమున 1852లో ముగిసినది. కాలువనీటితో వరి, వరితో రొక్కము, రొక్కముతో ఇండ్లు. బర్మాతో ఓడ వర్తకము సాగుచుండుటచే ఆ దేశపు టేకు కాకినాడ రేవున దిగెడిది. 1865లో మంగుళూరున బాసెల్ మిషనువారు పెంకుల కర్మాగారము స్థాపించిన పిదప, మర పెంకులు క్రమముగా గూనపెంకుల చోటును ఆక్రమించినవి.

ఇట్టి యింటికి మొదట చేటు మూడునది చూరులు కలియు మూలలయందు. నాలుగు కప్పుల వాననీరు అచ్చటనే కూడి మండువాలోనికి దుముకును. అచ్చట ఒక్క పెంకు పగిలినను నీరు వాసముల కొనలకు దిగి, రెండు మూడు వర్షకాలములలో కొయ్య చివికిపోవును, చెద పట్టును. 1996 నవంబరు 6వ తేది తుపానున కోనసీమలో పెంకుటిండ్లకు కలిగిన నష్టమును పెద్దలు మరువలేదు.

మరమ్మతు పేర జరుగు కీడు తుపానుకు తీసిపోదు. పాతగోడ గానుగ సున్నముతో కట్టినది. ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద సున్నమును ఇసుకను నలిపి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలుపుట పనివాండ్ర మర్యాద. నేలనుండి ప్రాకు తేమ అట్టి గోడనుండి వెలికి పోగలదు. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలును. గోడలో పొదిగిన దూలపు కొన క్రుళ్లును. యజమాని మరల సిమెంటే పూయించును! సున్నపు గోడకు సున్నమే మందు.

వరాహమిహిరుడే వజ్రలేపమను పూతను చెప్పియున్నాడు: పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు మున్నగువానిని నీట కాచి, ఎనిమిదవ వంతు మిగులగా దించి, గుగ్గులు మొదలైన జిగురులు కలుపవలెను. అది కోటి యేండ్లు నిలుచునట. ఈ లెక్కను సరిచూచినవారు లేరు.

అలంకరణ విషయమున పూర్వులు మితవ్యయులు. దూలమునకు వ్రేలాడు ఉయ్యాలబల్ల, గోడలో దీపపు గూళ్లు, ఒక భోషాణము, పడకకుర్చీ, పసుపు పూసిన గడప, ఇవియే సామగ్రి. గూళ్లను పగులగొట్టి ఇనుప బీరువా ఇరికించుట నేటి వేడుక.

అన్నిటికంటె పెద్ద గండము పంపకములది. అన్నదమ్ములు విడిపోయినప్పుడు గదులు, స్తంభములు లెక్కకు వచ్చును గాని, మండువాలోని వెలుతురు ఎవరి వాటాకును వ్రాయబడదు. నడుమ గోడ లేచును. ఒకరు తమ సగముపై రేకులు వేయుదురు. తూము రెండవవారి వైపు ఉండిపోవును. ఆ మీద తొలకరి వచ్చినప్పుడు నీరు గదులలో నిలుచును. పిమ్మట టేకు స్తంభములు, చెక్కడపు ద్వారబంధములు బండి కెక్కి పట్టణమునకు పోవును. గానుగ చక్రము మాత్రము, కొనువారు లేక, ఊరి చివర తుమ్మల క్రింద పడియుండును.