ఆరు ప్రశ్నార్థకాలు

ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి వరుసలో మా ఊరి పేరుండాలి. దాని చోట ఆరు ప్రశ్నార్థకాలు. గ, కొమ్ముదీర్ఘం, డ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. గూడూరు. లెక్క తప్పలేదు, అక్షరమే లేదు.

ఆ ఫైల్లో ఉండాల్సినవన్నీ మా అవ్వ చెప్పిన మాటలు. ఆమె పుట్టిల్లు ఎమ్మిగనూరు, మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. గూడూరుకు కోడలిగా వచ్చి అరవై ఏళ్లయినా నోట్లో మగ్గం మాటలే ఆడేవి. 2015 ఎండాకాలం, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో గోడకానుకుని ఆమె చెబుతుంటే నేను నేరుగా ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాను. కాగితం మీద పెట్టలేదు. "నాడె తెలీదంటావేమి నాయనా, పడుగు నడుమ పేకను మోసుకుపోయేది కదా" అనేది, గాలిలోనే చేత్తో విసిరి చూపిస్తూ. ఆ చలికాలం అవ్వ పోయింది.

2016లో ఆ మాటలను చిన్న నిఘంటువు ప్యాకేజీగా కట్టబోయాను. జావాలో రాసిన ప్రోగ్రామ్ జాబితాను చదివి, వరుసలో పెట్టి, అదే ఫైలు మీద తిరిగి రాస్తుంది. చదివేచోట తెలుగు పట్టే యూటీఎఫ్-8 సంకేతపద్ధతి అని చెప్పాను. రాసేచోట చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే!

చెప్పకపోతే జావా అప్పట్లో యంత్రం లొకేల్, అంటే భాషా అమరిక, ఏదైతే అదే పట్టుకునేది. నా ల్యాప్‌టాప్ లొకేల్ యూటీఎఫ్-8, అక్కడ అన్నీ చక్కగా వచ్చాయి. ప్యాకేజీ కట్టే సర్వర్‌లో మాత్రం లొకేల్‌ను నిర్ణయించే ఎల్‌సీ_ఆల్ విలువ సీ. ఫలితం ఏ దేశంలోనైనా ఒకేలా రావాలని పెట్టుకునే అలవాటది, తప్పూ కాదు. కానీ ఆ సీకి తెలిసినవి ఆస్కీలోని 128 గుర్తులే. వాటిలో మా అవ్వ మాట ఒక్కటీ పట్టదు. పట్టనిదాని చోట జావా ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగింది. కేక వేయలేదు. బిల్డ్ విజయవంతం అని వచ్చింది.

అప్పుడైనా ఫైలు తెరిచి చూడాల్సింది. చూడలేదు. సర్వర్ నుంచి వచ్చినదాన్ని పాతదాని మీద దించుకున్నాను.

పిచ్చిరాతలు వచ్చి ఉన్నా బాగుండేది. ఆదోనిలో డీటీపీ చేసేవాళ్లకు తెలుసు, అను ఫాంట్ లేని కంప్యూటర్‌లో పెళ్లిపత్రిక తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి, ఫాంట్ వేస్తే వధూవరులు తిరిగొస్తారు. లోపలి బైట్లు చెక్కుచెదరవు కాబట్టి. ప్రశ్నార్థకం అలా కాదు. తెలుగు గుర్తుకు ఉండే మూడు బైట్లూ పోయి, దాని చోట ఒకే బైటు మిగులుతుంది. అది ఎవరిదో దానికే తెలియదు.

2022 మార్చిలో జావా 18 వచ్చింది. ఏమీ చెప్పకపోయినా అది యూటీఎఫ్-8లోనే రాస్తుంది. ఆ వార్త చదివిన రాత్రి ఫైలు తెరుచుకుని కూర్చున్నాను.

ఐదు గుర్తులున్నచోట పడుగు అనుకుంటాను. మూడున్నచోట పేకో, ఆసో. నాలుగున్నచోట నాడె అనుకుంటే కండె కూడా నాలుగే. ఇంకా కిందికి పోతే తొమ్మిది గుర్తుల మాట ఒకటుంది. అది చెప్పేటప్పుడు అవ్వ నవ్వింది, ఆ నవ్వు గుర్తుంది.