పనిలో పొత్తు: మకరెంకో నేర్పిన విద్య

కోపతాపములను అణచుకొనజాలక బడినుండి, ఇంటినుండి వెలివడిన యువకులకు చేతిపని నేర్పుట అంత కష్టము కాదు. పదుగురితో కలసి ఆ పని చేయుట నేర్పుటయే కష్టము. పైవాని మాట వినుట, తోడివానికి చేయూతనిచ్చుట, తప్పు చూపినప్పుడు ఓర్చుకొనుట తెలియనివానికి దొరకిన కొలువు నిలువదు. ఈ విద్యను ఉక్రెయిను దేశమున ఆంటన్ మకరెంకో నేర్పిన విధమును మనవి చేసెదను.

అంతర్యుద్ధమువలన అచ్చట లక్షలకొలది పిల్లలు వీథులపాలయిరి. 1920లో పొల్తావా సమీపమున నేరములు చేసిన బాలురకై యొక కాలనీ ఏర్పడెను. దాని భారము మకరెంకోపై పడెను. తొలిదినములలో బాలురు ఆయనను లెక్కచేయలేదు. ఒకనాడు ఆయన సహనము కోల్పోయి ఒకనిని కొట్టెను. తరువాత వ్రాసిన నవలలో ఆ సంగతిని ఆయన దాచలేదు. అది శిక్షణపద్ధతి యని చెప్పుకొననూ లేదు.

అసలు పద్ధతి పొలముపనిలో పుట్టెను. బాలురు స్థిరదళములుగా ఉండిరి. ప్రతిదళమునకు ఒక నాయకుడు. కాని విత్తులు చల్లుట వంటి ఒక్కొక్క పనికి, వారమునకు మించని తాత్కాలికదళము వేరుగా కూర్చబడెడిది. స్థిరదళ నాయకుడు అందులో సామాన్యుడు, సామాన్యుడు నాయకుడు. సాయంకాలము అతడే పనిలెక్క ఒప్పగింపవలెను. నేడు ఆజ్ఞ యిచ్చువాడు రేపు ఆజ్ఞ పొందువాడగుటచే, ఆజ్ఞాపించుటలోని కష్టమును, లోబడుటలోని కష్టమును ఉభయులును ఎరిగిరి.

రెండవది నమ్మకము. పిల్లల పాతనేరముల కాగితములు చదువుట ఆయన మానివేసెను. కరబానొవ్ అను నేరచరిత్రగల యువకుని కాలనీ సొమ్ము తెచ్చుటకు ఒంటరిగా పంపి, అతడు తెచ్చినదానిని లెక్కింపకయే పుచ్చుకొనెనని నవల చెప్పుచున్నది. ఆ పాత్రకు మూలపురుషుడైన సెమ్యోన్ కలబాలిన్ తరువాత తానే బాలల గృహమునకు అధిపతి యయ్యెను.

1927లో ఖార్కొవ్ నగరమున జెర్జిన్‌స్కీ కమ్యూను వెలసెను. మకరెంకో ఆధ్వర్యమున అచ్చటి యువకులు 1934 నాటికి ఎఫ్.ఇ.డి. కెమెరాలు తయారుచేయుచుండిరి. ఆ కమ్యూను రహస్య పోలీసుశాఖ పోషణలో నుండెననుటయు, ఆ సైనికక్రమము అందరికి సమ్మతము కాదనుటయు మరువరాదు.

అయినను ఒకటి నిశ్చయము. మర్యాదను వల్లె వేయించిన రాదు. బాధ్యత మోసినప్పుడే వచ్చును. అట్టి పిల్లవానిని పనిలో చేర్చుకొనువారు మొదటి వారముననే, చిన్నదైనను, అతడే లెక్క చెప్పవలసిన పని యొకటి అతని చేతికి ఇత్తురు గాక!