చిన్న విమానానికి పెద్ద దన్ను

చిన్న పట్టణాల మధ్య తిరిగే విమాన సంస్థ మూతపడినప్పుడల్లా వినిపించే కారణం ఒకటే: జనం ఎక్కలేదని. తెలుగు నేల మీద గడిచిన ఎనభై ఏళ్ల అనుభవం చూస్తే ఈ మాటలో సగమే నిజం. అటువంటి సంస్థలు టికెట్ల డబ్బు మీదే బతికింది తక్కువ. వెనక మరొక ఆదాయమో, పెద్ద సంస్థో ఉన్నన్నాళ్లు ఎగిరాయి, ఆ దన్ను తొలగగానే దిగిపోయాయి. ఈ సంగతి హైదరాబాదు కంటే, సరిహద్దుకు అవతల మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉన్న సిరొంచ, అహేరి, ముల్చేర తాలూకాలకే ఎక్కువ పట్టాలి. 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషు ఏలుబడిలోకి పోయిన సిరొంచ ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. ఎగువ గోదావరిలో పడవలు నడపాలన్న పథకాన్ని 1871లో వదిలేశారు. కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పడమటి దిక్కున పోయింది. గడ్చిరోలి 1982లో వేరే జిల్లా అయినా ఈ మూలకు రైలు రాలేదు.

విమానం కథ 1945లో బేగంపేటలో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌తో మొదలుపెట్టాలి. అది నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ. పెద్ద వాటా రైల్వేదే. ఆ రైల్వేయే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. అంటే రైలు, బస్సు, విమానం మూడింటి వెనకా ఒకే యాజమాన్యం. మద్రాసు, బెంగళూరు, నాగపూర్, ఢిల్లీ దారుల్లో తిరిగిన దాని డకోటాలకు రెండో దన్ను టపా. 1949లో నాగపూర్ కేంద్రంగా రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి వచ్చిన విమానాలు అర్ధరాత్రి అక్కడ కలిసి, సంచులు మార్చుకుని తెల్లవారేసరికి తిరిగి వెళ్లేవి. తర్వాత ఆ పనిలో దక్కన్ ఎయిర్‌వేస్‌కూ వాటా దక్కింది. అయితే దేశంలో రద్దీకి మించి కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారని 1950లో రాజాధ్యక్ష కమిటీ తేల్చింది. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేశారు. దక్కన్ ఎయిర్‌వేస్ అందులో కలిసిపోయింది.

రెండో ప్రయత్నం ప్రభుత్వమే చేసింది. 1981లో మొదలైన వాయుదూత్ 19 సీట్ల డార్నియర్ల వంటి చిన్న విమానాలతో మారుమూలలకు పోయింది. వరంగల్ దగ్గరి మామునూరుకూ, రామగుండం పక్కన సిమెంటు కర్మాగారం కోసం కట్టిన బసంత్‌నగర్ రన్‌వేకూ కొంతకాలం అది వచ్చింది. సిరొంచకు ఇంత దగ్గరగా ప్రయాణికుల విమానం రావడం అరుదు. కానీ ఊళ్ల సంఖ్య పెంచినంత తేలిగ్గా నష్టం మోసే ఏర్పాటు పెంచలేదు. 1993లో దాన్నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

మూడోది ట్రూజెట్. 2015 జులైలో హైదరాబాదు నుంచి ఏటీఆర్ విమానాలతో మొదలైంది. చిన్న పట్టణాలకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం తొలి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27నే హైదరాబాదును కడపతో, మహారాష్ట్రలోని నాందేడ్‌తో కలిపింది. ఈ పథకం మొదలైనప్పుడు విమానంలో కొన్ని సీట్లను గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలకే అమ్మాలని షరతు పెట్టారు. లోటును ప్రభుత్వం పూడుస్తుందన్నారు, అదీ మూడేళ్లు మాత్రమే. కరోనా వల్ల 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో మామూలు ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయింది.

ట్రూజెట్‌ను ముంచింది కరోనా, పెట్టుబడి కొరత తప్ప పథకం కాదని కొందరంటారు. కొంత నిజమే. కానీ అదే కరోనాను పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి. ఢిల్లీ, ముంబై దారుల రాబడి వాటికి ఉంది. నాందేడ్, కడపల మీద ఆధారపడ్డవారికి ఆ వెసులుబాటు లేదు. ఇక విమానం ఎక్కగలిగినవాడికి ప్రజల సొమ్మెందుకన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఉడాన్ లోటుకు డబ్బు ముఖ్యంగా పెద్ద దారుల విమానాల మీద వేసే సుంకం నుంచి వస్తుంది. పైగా అడవి పల్లెలకు నష్టంతో తిరిగే బస్సును మనం దుబారా అనం. అయినా ఆ ప్రశ్న ఒక హద్దు గీస్తుంది: తాలూకాకొక రన్‌వే కట్టడం నిజంగా దుబారాయే.

అందుకే దక్కన్ ఎయిర్‌వేస్ నుంచి నేర్చుకోవలసింది విమానం గురించి కాదు, దాన్ని బస్సుకూ రైలుకూ టపాకూ ముడిపెట్టిన పద్ధతి గురించి. ముల్చేర మనిషికి సొంత విమానాశ్రయం కంటే, నాగపూర్‌లోనో హైదరాబాదులోనో విమానం వేళకు చేర్చే బస్సూ, దానికి తగిన రోడ్డూ ముందు కావాలి. సరిహద్దు జిల్లాల కోసం ఎప్పుడైనా విమానం వేస్తే, మూడేళ్ల గడువు పెట్టకుండా కనీసం పదేళ్ల ఒప్పందంతో, టపా, మందులు, రోగుల రవాణా కూడా కలిపి వేయాలి. ఆ పూచీ ఇవ్వలేని ప్రభుత్వం రిబ్బను కత్తిరించకపోవడమే మేలు.