సాక్సోఫోన్‌కి క్లాసు రూము దొరికిన కథ

నెల్లూరు సముద్రం వైపు పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నోళ్లం మేము. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదట. ఒక వాయిద్యం చదువులోకి ఎట్లా వచ్చిందో ఈసారి రాస్తున్నాం. ఇది మన కథకి దగ్గరగా ఉంది.

అడాల్ఫ్ సాక్స్ 1814లో బెల్జియంలో పుట్టాడు. వాళ్ల నాయన వాయిద్యాలు చేసేవాడు. సాక్స్ పారిస్ పోయి 1846లో సాక్సోఫోన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. దాని ఒళ్లు ఇత్తడి, కానీ ఊదేచోట క్లారినెట్‌కి ఉన్నట్టే ఒక రీడు. గొట్టం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. మిలిటరీ బ్యాండ్లు దాన్ని తీసుకున్నాయి. పోటీ తయారీదార్లు మాత్రం పేటెంట్ మీద కోర్టుకెక్కారు. సాక్స్ మూడుసార్లు దివాలా తీశాడు.

1857లో పారిస్ కన్సర్వేటరీలో సైనిక విద్యార్థులకి సాక్సోఫోన్ క్లాసు మొదలైంది. గురువు సాక్సే. 1870లో యుద్ధం వచ్చి క్లాసు మూతపడింది. మళ్లీ తెరిచింది 1942లో, మార్సెల్ మ్యూల్ గురువుగా. మధ్యలో 72 ఏళ్లు! అన్నేళ్లూ దాన్ని బతికించిందెవరు? బ్యాండ్లలో వాయించినోళ్లు, అమెరికాలో జాజ్ వాయించిన నల్లజాతి కళాకారులు. క్లాసు లేనంత మాత్రాన విద్య లేకుండా పోలేదు.

మన దక్షిణాదిలో ఈ పని చేసినాయన కద్రి గోపాల్‌నాథ్. 1949లో మంగళూరు దగ్గర పుట్టారు. తండ్రి నాదస్వర విద్వాంసులు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దానిమీద మనసు పడ్డారు. చిక్కెక్కడంటే, కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. నాదస్వరంలో రంధ్రాన్ని వేలితో సగం మూసి స్వరాన్ని జార్చొచ్చు. మన పైనుండే కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు ఆ విద్యలో దిట్ట. సాక్సోఫోన్‌కి ఉండేవి మీటలు. నొక్కితే స్వరం ఒకచోట నుంచి ఇంకోచోటికి దూకుతుంది. కద్రి పెదవితో, ఊపిరితో ఆ జారుడు సాధించారు. వాయిద్యంలోనూ మార్పులు చేసుకున్నారు. అది చేతికి రావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక మీద వాయించారు. 2004లో పద్మశ్రీ వచ్చింది. బెల్జియం ఆయన చేసిన ఇత్తడి గొట్టంలో మన త్యాగరాజు తెలుగు కీర్తనలు పలికాయి. 2019లో ఆయన పోయారు.

ఇక మన సంగతి. "మీ పాటల్లో శాస్త్రం లేదు" అనే మాట మనం వింటూనే ఉన్నాం. సాక్సోఫోన్‌కీ ఒకప్పుడు క్లాసు లేదు, కర్ణాటక కచేరీలో చోటూ లేదు. వాయించినోళ్లు వదల్లేదు కాబట్టే చోటు వచ్చింది. మన పాటలకి పాఠం రాసేవాళ్లు లేకముందే పాడే పెద్దోళ్లు వెళ్లిపోతున్నారు. అదీ మన భయం.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఒక్క పాట ఫోన్లో రికార్డు చేయండి. పాడినోళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో పాడతారో నోటుబుక్కులో రాయండి. వాయిద్యం నేర్చుకోవాలని ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి, ఎక్కడ నేర్పుతారో, ఎప్పుడు చేర్చుకుంటారో అందరం కలిసి కనుక్కుందాం.