ఊపిరి అందనప్పుడు: మాస్క్ నుంచి ఎక్మో దాకా

2020 అక్టోబరులో హీరో రాజశేఖర్ కోవిడ్‌తో బంజారాహిల్స్‌లోని సిటీ న్యూరో సెంటర్‌లో చేరారు. 'నాన్ ఇన్వేజివ్ వెంటిలేటర్' మీద ఉన్నారని బులెటిన్ వచ్చింది. నవంబరులో కోలుకొని ఇంటికెళ్లారు. అదే ఏడాది ఆగస్టు 5న చెన్నై ఎంజీఎం హెల్త్‌కేర్‌లో చేరిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంకు వెంటిలేటర్, ఎక్మో రెండూ పెట్టారు. సెప్టెంబరు 25న కన్నుమూశారు. వార్తల్లో రెండుచోట్లా 'వెంటిలేటర్' అనే ఉంది, కానీ రెండూ ఒకటి కావు.

మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తారు. అందులో ఆక్సిజన్ 60 కంటే తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి రక్తం ఆమ్లంగా మారినా శ్వాస విఫలమైనట్టు లెక్క. ముందు మామూలు ఆక్సిజన్, చాలకపోతే ముక్కులోకి వేగంగా పంపే హై ఫ్లో. ఆ తర్వాత బైపాప్: గొంతులో ట్యూబ్ లేకుండా, బిగుతైన మాస్క్‌తో గాలిని ఒత్తిడితో పంపుతారు. రాజశేఖర్‌కు ఇచ్చింది ఈ ట్యూబ్ లేని తరహా సాయమే. ఏళ్లతరబడి బీడీ, సిగరెట్ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు బైపాప్ బాగా పనిచేస్తుంది. వాళ్లకు ఆక్సిజన్ ఎంత ఎక్కువిస్తే అంత మంచిదనుకోవద్దు, ఆక్సీమీటర్‌లో 88–92 ఉంటే చాలు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు గడ్డం ఉంటుంది కదా, దట్టంగా ఉంటే మాస్క్ అంచుల్లోంచి గాలి లీకవుతుంది. వేరే సైజు మాస్క్ ఉందా, తలంతా కప్పే హెల్మెట్ రకం ఉందా అని డాక్టర్‌ను అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

అసలు చిక్కు తర్వాతే. ఒకటి రెండు గంటలైనా రక్తపరీక్ష మెరుగుపడకపోతే డాక్టర్ ట్యూబ్ వేయాలంటారు. "వద్దు సార్, అబ్బాకి మాస్కే ఉంచండి" అని బతిమాలుతాం. మాస్క్ పనిచేయనప్పుడు ట్యూబ్ ఆలస్యం చేస్తే నష్టమే ఎక్కువ. వెంటిలేటర్ జబ్బును నయం చేయదు, మందు పనిచేసేదాకా ఊపిరి నిలుపుతుంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లను రోజుకు 16 గంటలదాకా బోర్లా పడుకోబెడతారు, చూసి భయపడకండి. ఎక్మో అంటే రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ లోపలికి పంపే యంత్రం. అది కొద్దిమందికే, పెద్ద ఆస్పత్రుల్లోనే.

ఫిల్మ్ నగర్ అంటే స్టార్ల బంగళాలే కాదు, బస్తీలూ ఉన్నాయి. ఎవరింట్లోనైనా మనిషి ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆయాసపడుతూ ఉన్న మనిషి మత్తుగా జోగుతుంటే హమ్మయ్య నిద్రపట్టిందనుకోకండి, కార్బన్ డయాక్సైడ్ పెరిగినా అలాగే ఉంటుంది.