పాపికొండల ఛాయాచిత్ర యాత్ర: ఫరంపేట నుంచి బయలుదేరే బృందాలకు

శీతకాలం ప్రవేశించగానే యానాం పరిసర గ్రామాలలో పాపికొండల ప్రస్తావన మొదలవుతుంది. పూర్వం కుటుంబసమేతంగా లాంచీ ఎక్కి, మధ్యాహ్న భోజనం చేసి, సాయంత్రానికి తిరిగి రావడమే యాత్ర. ఇప్పుడు కెమెరా గానీ, మంచి సెల్‌ఫోను గానీ చేతనున్న యువతీయువకులు ఎనిమిది పదిమంది కలసి, కొండలనూ నదినీ మంచునూ చిత్రించాలనే ఉద్దేశంతోనే ప్రయాణమవుతున్నారు. అటువంటి బృందం ఫరంపేట నుంచి వెళ్ళదలచినప్పుడు, వెళ్ళేవారికీ, ఇంటివద్ద ఎదురుచూసే పెద్దలకూ తెలియవలసిన విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము. ముందు నది సంగతి, తరువాత వేళలు, అనుమతులు. కెమెరా సంగతి చివరకు వస్తుంది.

పాపికొండల అడవులను 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2008లో జాతీయ ఉద్యానవనం హోదా లభించింది. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గోదావరికి ఇరువైపులా వ్యాపించిన ఈ అడవిలో పెద్దపులి, చిరుత, అడవిదున్న, ఎలుగుబంటి ఉన్నాయి. చూసేవారికి దీనికి రెండు ముఖాలు. ఒకటి పడవ మీదనుంచి కనిపించే నదీ కనుమ. రెండవది రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరుకు పోయే ఘాట్ రోడ్డు వైపు కొండలు. ఏ ముఖాన్ని చూడబోతున్నారో ముందే నిశ్చయించుకోవాలి. రెండింటినీ ఒకేరోజున చూడాలనుకుంటే రోజంతా వాహనంలోనే గడిచిపోతుంది.

గోదావరి సంగతి

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన వారికి నది గురించి చెప్పబూనడం సాహసమే. అయినా చెప్పక తప్పదు. 2018 జూలై 14న మనకు చేరువనే, పశువుల్లంక వద్ద, నాటుపడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడగా విద్యార్థినులు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి సంవత్సరం, 2019 సెప్టెంబరు 15న, పాపికొండల యాత్రకు వెళ్తున్న రాయల్ వశిష్ఠ అనే పడవ కచ్చులూరు వద్ద మునిగిపోయింది. పడవలో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడ్డారు. నది వరదలో ఉండగా జరిగిన ప్రమాదమది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అనేక ప్రయత్నాల తరువాత అక్టోబరు 22న ఆ పడవను వెలికితీసింది.

మన రేవుల వద్ద గౌతమి విశాలంగా, నెమ్మదిగా పారుతుంది. కొండల నడుమ అదే నీరు ఇరుకుదారిలో లోతుగా, సుడులతో సాగుతుంది. ఇక్కడి ఈత అక్కడ అక్కరకు రాకపోవచ్చు. లైఫ్ జాకెట్టు ముందుగా విప్పేది సాధారణంగా బాగా ఈత వచ్చినవాడే. బృందంలో అటువంటి వారినే ముందు కనిపెట్టి ఉండాలి.

ఛాయాచిత్రకారుల బృందానికి మామూలు యాత్రికులకు లేని ప్రమాదం ఒకటి ఉన్నది. మంచి దృశ్యం ఒక వైపున కనిపించగానే పదిమందీ ఆ వైపు కటకటాల దగ్గరకు పరుగెడతారు. పడవ ఒరిగిపోవడానికి అంతకన్నా కారణం అక్కరలేదు. అందుచేత ఎక్కక ముందే బృందాన్ని రెండుగా విభజించుకుని, సగం కుడివైపు, సగం ఎడమవైపు కూర్చోవాలి. తిరుగు ప్రయాణంలో స్థానాలు మార్చుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు. జాకెట్టు ముందు తొడుక్కుని, కెమెరా పట్టీని దానిపైన వేసుకోవాలి. జాకెట్టు లోపల చిక్కుకున్న పట్టీ ఆపత్సమయంలో ఉరితాడు వంటిది. బృందనాయకుడు ఎవరో ఒకరే ఉండాలి. ఆయన లేదా ఆమె "ఈ పడవ వద్దు" అంటే మిగిలినవారు వాదించకూడదు. మిగతా సూచనలన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోవలసినది.

బయలుదేరే ముందు రోజుల్లో నీటిమట్టం తెలుసుకోవడం అలవాటు చేసుకోవాలి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 2022 జూలైలో అక్కడ నీరు 71.3 అడుగులకు చేరింది. మొదటి హెచ్చరిక వచ్చేదాకా ఆగవలసిన పనిలేదు. ఎగువన భారీ వర్షాలని వినగానే యాత్ర వాయిదా వేయడం మేలు. కచ్చులూరు దుర్ఘటన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో పడవల రాకపోకలపై పర్యవేక్షణకు కంట్రోల్ రూములు నెలకొల్పింది. నిలిచిపోయిన యాత్ర 2021 నవంబరులో తిరిగి ప్రారంభమైంది. అప్పటినుంచి రాజమహేంద్రవరం వైపు యాత్రికులు గండిపోచమ్మ ఆలయ పరిసరాల నుంచి పడవ ఎక్కుతున్నారు. నీటిమట్టాన్ని బట్టి రేవు మారవచ్చు, యాత్ర ఆగిపోనూవచ్చు. కనుక మధ్యవర్తి మాటపై ఆధారపడక పర్యాటక శాఖ కార్యాలయంలోనే విచారించి, టిక్కెట్టు అక్కడే తీసుకోవాలి.

వెలుగు ఎప్పుడు, పడవ ఎప్పుడు?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. డిసెంబరు చివర ఈ ప్రాంతంలో సూర్యోదయం ఉదయం ఆరున్నర ప్రాంతాన, అస్తమయం సాయంత్రం అయిదున్నర దాటాక. ప్రకృతి దృశ్యాలకు మేలైన వెలుగు ఆ రెండు వేళల చుట్టూ గంట గంటన్నర మాత్రమే ఉంటుంది. యాత్రికుల పడవలేమో ఎండ ఎక్కాక కదిలి, నడిమింట సూర్యుడుండగా కనుమలో ప్రవేశిస్తాయి. అప్పుడు నీరు తెల్లగా మెరుస్తుంది, కొండలు బూడిద రంగులో కనిపిస్తాయి. 1973 నాటి 'అందాల రాముడు', 2006 నాటి 'గోదావరి' చిత్రాలు చూసి అదే అందాన్ని ఆశించి వెళ్ళినవారు నిరాశ చెందేది ఇందుకే. సినిమావారికి వెలుగు కోసం రోజుల తరబడి ఆగే వీలుంటుంది. మన లాంచీ ఎవరి కోసమూ ఆగదు.

కొంత ఊరట ఏమిటంటే, కనుమలో కొండల అడ్డం వల్ల ఎండ నీటిమీదికి ఆలస్యంగా వస్తుంది, తొందరగా వెళ్ళిపోతుంది. ఒక ఒడ్డు నీడలో, మరొకటి ఎండలో ఉండే ఆ సమయంలో నీడవైపు అడవిని, ఎండ తగిలిన ఆకులను కలిపి తీస్తే చిత్రానికి లోతు వస్తుంది. తిరుగు ప్రయాణంలో అలసి నిద్రపోయేవారే ఎక్కువ; ఆ సమయానికే కెమెరా సిద్ధంగా ఉంచుకోవాలి.

ఉదయపు మంచే ముఖ్యమనుకునే బృందం మారేడుమిల్లి వైపు వెళ్ళి రాత్రి బస చేయడం మంచిదని మా అభిప్రాయం. యానాం నుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా రాజమహేంద్రవరం సుమారు 65 కిలోమీటర్లు; అక్కడినుంచి మారేడుమిల్లి మరో 85. మధ్యాహ్నానికి చేరి, మరునాటి వేకువకు చిత్రించదలచిన చోటును పగటివెలుగులోనే చూసి ఉంచుకోవాలి. గుడిస గడ్డి కొండల మీద తెల్లవారుజామున లోయలో మేఘాలు పరుచుకున్న దృశ్యం ప్రసిద్ధమైనది. దానికి వెళ్ళే వేళలను, వాహన నిబంధనలను మారేడుమిల్లి అటవీ కార్యాలయంలో తెలుసుకోవాలి. ఘాట్ రోడ్డుపై రాత్రి ప్రయాణం వద్దు. ఏజెన్సీ ప్రాంతం కనుక దోమతెర, ఒళ్ళంతా కప్పే దుస్తులు తప్పనిసరి. తిరిగి వచ్చిన రెండు మూడు వారాలలో చలిజ్వరం కనిపిస్తే ఎక్కడికి వెళ్ళివచ్చారో వైద్యునికి చెప్పి, మలేరియా రక్తపరీక్ష చేయించాలి.

అభ్యాసం కోరంగిలో

అంతదూరం వెళ్ళి అక్కడ కెమెరా నేర్చుకోవడం కంటే ఇంటి దగ్గరే రెండు ఆదివారాలు అభ్యాసం చేయడం ఉత్తమం. ఆ విషయంలో ఫరంపేటవారు అదృష్టవంతులు. కాకినాడ వెళ్ళే దారిలోనే కోరంగి అభయారణ్యం ఉన్నది. 1978లో ప్రకటించిన ఈ మడ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. చెక్కవంతెన మీద నడుస్తూ మడచెట్ల వేళ్ళను తీయడం చూడడానికి సులువు, చేయడానికి కష్టం. ఆకుల సందుల నుంచి పడే ఎండమచ్చలు కెమెరాను తికమక పెడతాయి. ఎండ తీవ్రంగా ఉన్న మచ్చకు తగినట్లు వెలుగును సరిచేసుకుంటే నీడలు నల్లబడినా చిత్రం నిలుస్తుంది. తెల్లగా కాలిపోయిన మచ్చను తరువాత బాగుచేయడం సాధ్యం కాదు.

పాటు సమయంలో బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన ఊపిరివేళ్ళు కనిపిస్తాయి. పోటు సమయంలో అవి మునిగి, చెట్ల ప్రతిబింబాలు వస్తాయి. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కు జరుగుతుంటాయి. అమావాస్య, పౌర్ణమి దినాలలో పోటు ఎక్కువ. ఈ లెక్క పుస్తకాలలో వెదకనక్కరలేదు, వేటకు వెళ్ళే ఇంటి పెద్దలను అడిగితే నోటితోనే చెబుతారు.

సరిహద్దు దాటేటప్పుడు

ఇది మన గ్రామాలవారికే ప్రత్యేకమైన విషయం. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిది. ఫరంపేట దాటి కొద్ది దూరం వెళ్ళగానే ఆంధ్రప్రదేశ్ చట్టాలు వర్తిస్తాయి. సొంత కారుకు రిజిస్ట్రేషను, బీమా, కాలుష్య ధ్రువపత్రాలు ఉంటే చాలు. పీ.వై. 04 సంఖ్యతో ఉన్న అద్దె వాహనం తీసుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో తిరగడానికి చెల్లే పర్మిటు, పన్ను రసీదు ఉన్నాయో లేదో యజమానిని ముందే అడగాలి. దారిలో వాహనాన్ని ఆపివేస్తే చెడేది యాత్రికుల రోజే. మరొక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. యానాం మద్యం సీసా ఒక్కటి సామానులో దొరికినా ఎక్సైజు కేసు తప్పదు. నీటి మీదికీ అడవిలోకీ వెళ్ళే బృందంలో మద్యం ఉండకూడదన్నది చట్టంతో నిమిత్తం లేని సంగతి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యాలలోనూ జాతీయ ఉద్యానవనాలలోనూ ప్రవేశానికి, ఛాయాచిత్రణకు అటవీశాఖ అనుమతి అవసరం. టిక్కెట్టుపై తిరిగే యాత్రికుల ఫోటోలకు ఇబ్బంది రాదు గానీ, మార్గం వదలి లోపలికి వెళ్ళాలన్నా, వాణిజ్యావసరాలకు చిత్రించాలన్నా ముందుగా దరఖాస్తు చేయాలి. అనుమతి లేని డ్రోన్ ఇంటివద్దే ఉండడం శ్రేయస్కరం. అడవిలో నిప్పు రాజేయడం నేరం.

పరికరాలు

కదిలే పడవ మీద మూడుకాళ్ళ స్టాండు నిరుపయోగం. ఇంజను అదురు దానిద్వారా నేరుగా కెమెరాకు చేరుతుంది. చేత్తో పట్టుకుని, షట్టరు వేగం సెకనులో 1/500 లేదా అంతకన్నా ఎక్కువ ఉంచాలి. నేలమీద స్టాండు వేసినప్పుడు ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/8 నుంచి ఎఫ్/11 చాలు. నీటి మెరుపును, దూరపు మసకను కొంత తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టరు ఒక్కటి కొంటే ఖర్చు వృథా పోదు. సెల్‌ఫోనుతో తీసేవారు తెరపై గీతలు పెట్టుకుని నీటి అంచు వంకరపోకుండా చూసుకుంటే సగం పని అయినట్లే. చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కనుక అదనపుదానిని లోపలి జేబులో ఉంచుకోవాలి. ఏ.సీ. గదిలోంచి చల్లని కెమెరాను ఒక్కసారిగా బయటకు తీస్తే కటకంపై తేమ పడుతుంది. సంచిలోనే ఉంచి అరగంట ఆగాలి. కోరంగి నుంచి వచ్చాక ఉప్పుగాలి అంటిన పరికరాన్ని కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి.

కనుమలో చాలాచోట్ల ఫోను పనిచేయదు. ఎక్కే రేవు, పడవ పేరు, తిరిగి వచ్చే సమయం కాగితంపై రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. "సాయంత్రానికి వచ్చేస్తాం" అనే మాట తల్లిదండ్రులకు సమాచారం కాదు. గుర్తింపు కార్డులు, కావలసిన మందులు తడవని సంచిలో పెట్టుకోవాలి. అంబులెన్సుకు 108, ఇతర అత్యవసరాలకు 112.

ఒడ్డున ఉన్న ఊళ్ళు

ఆ ఒడ్డులు కొండరెడ్లు, కోయల ఊళ్ళు. పేరంటపల్లి వంటి చోట్ల పడవ ఆగినప్పుడు ఇంటి ముంగిట కూర్చున్న వృద్ధురాలిని గానీ, పిల్లలను గానీ అడగకుండా తీయడం మర్యాద కాదు. మన వీధిలోకి పదిమంది కెమెరాలతో వస్తే మనకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు. వెదురు వస్తువులు కొనదలిస్తే బేరమాడకుండా కొనడం బాగుంటుంది.

పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యామ్ అడ్డుపడిన తరువాత ఎగువన నీరు పైకి లేచి, దేవీపట్నం మండలంలోని ఊళ్ళ నుంచి కుటుంబాలు తరలిపోయాయి. ఇదివరకటి చిత్రాలలోని రేవులు, ఇసుకతిన్నెలు, ఊరి గుడులు కొన్ని ఇప్పుడు నీటి కిందనున్నాయి. అందువల్ల ఈ యాత్రలో తీసే ప్రతి చిత్రానికీ తేదీ, స్థలం, వీలైతే ఆనాటి భద్రాచలం నీటిమట్టం రాసి ఉంచాలి. అందమైన చిత్రాల మధ్య అందం లేనివి, ఖాళీ ఇళ్ళవి, మునిగిన మెట్లవి కూడా తీయాలి. ఆ ఊరి నుంచి వెళ్ళిపోయినవారు ఎప్పుడైనా ఎదురుపడితే, చూపించమని అడిగేది వాటినే.