ఎవరికంటె చెడ్డ? చెడును పోల్చడంలో ఇంగ్లీషు, అరబ్బీ, తెలుగు



చిక్కపేటలో చీరల దుకాణం నడిపే ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. పిల్లవాడి చదువు ఎలా ఉన్నదని అడిగాను. "తెలుగులో వీడు వర్స్ట్ సార్" అన్నారు. పిల్లవాడు పక్కనే తల వంచుకొని నిలబడి ఉన్నాడు. "ఎవరికంటె?" అని అడిగాను. ఆయన ఒక క్షణం తెల్లబోయారు. ఎవరితోనూ పోల్చి ఆ మాట అనలేదు ఆయన. నోటికి వచ్చినది అన్నారు, అంతే.

ఆ మాట ఆయనది మాత్రమే కాదు. మనమందరమూ రోజూ అంటున్నదే. 'వర్స్ట్' అన్నది పోలికలో అన్నిటికంటె చివరి మెట్టును చెప్పే మాట. అటువంటి మాటను దేనితోనూ పోల్చకుండా వాడుతున్నాము. చెడును పోల్చి చెప్పడానికి భాషలు ఏయే దారులు తొక్కాయో తెలిస్తే ఈ అలవాటులోని ప్రమాదం మనకు బోధపడుతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా చిక్కపేటలోనే ఒకసారి నిలబడి వినండి. కెంపేగౌడ 1537లో బెంగళూరు పేటను నిర్మించినప్పుడు దొడ్డపేట, చిక్కపేట అనే రెండు వీధులు ఒకదానినొకటి ఖండించే కూడలిని నడిమి స్థానంగా ఉంచాడని చెబుతారు. 1638లో బీజాపూరు సేన ఊరిని పట్టుకున్నది. తరువాత మొగలులు, మైసూరు ఒడెయర్లు, హైదర్ అలీ, టిప్పు సుల్తాను, ఇంగ్లీషువారు వరుసగా వచ్చారు. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ ఇక్కడికి వచ్చి, నేతగాళ్ళను, వర్తకులను విచారించి వ్రాసినది 1807లో అచ్చయింది. పాలకులు మారినా పేటలో బట్టల బేరం ఆగలేదు. బేరంతోపాటు భాషలూ కలిసి బ్రతికాయి.

ఒక చీర నచ్చక పక్కకు నెట్టే కొనుగోలుదారు తెలుగులో "దానికంటె ఇది నాసి" అంటుంది. కన్నడంలో "అదక్కింత ఇదు కెట్టద్దు". తమిళంలో "అదై విడ ఇదు మోసం" (తమిళంలో మోసమంటే చెడ్డ అని అర్థం, వంచన అని భయపడనక్కరలేదు). ఉర్దూలో "ఉస్ సే యే ఖరాబ్ హై". నాలుగు వాక్యాల నిర్మాణాన్ని గమనించండి. దేనితో పోలుస్తున్నామో అది ముందు వస్తుంది. దానికి కంటె, ఇంత, విడ, సే అనే గుర్తు తగులుతుంది. చివరి విశేషణం మాత్రం ఏ మార్పూ లేకుండా నిలుస్తుంది. నాసి నాసిగానే ఉంటుంది, ఖరాబు ఖరాబుగానే ఉంటుంది.

ఇక ఇంగ్లీషు చూడండి. బ్యాడ్, వర్స్, వర్స్ట్. మూడు మెట్లకు మూడు రూపాలు. మొదటి దానికీ తక్కిన రెండింటికీ పోలికే లేదు. పిల్లలు ఇక్కడ తడబడతారు, తడబడడం న్యాయమే. నిజానికి వర్స్, వర్స్ట్ అన్నవి బ్యాడ్‌కు పుట్టిన బిడ్డలు కావు. పాత ఇంగ్లీషులో అవి 'ఈవిల్' అనే మాటకు చెందినవి. బ్యాడ్ అనే మాట పదమూడవ శతాబ్ది ప్రాంతంలో గాని గ్రంథాలలో కనబడదు. తరువాత తరువాత అది ఈవిల్ స్థానాన్ని ఆక్రమించి, దాని పిల్లలను కూడ తనవిగా చేసుకొన్నది. మధ్యలో 'బ్యాడర్', 'బ్యాడెస్ట్' అనే రూపాలు కూడ పద్నాలుగు నుంచి పద్దెనిమిదవ శతాబ్దం దాకా చెలామణి అయ్యాయి. షేక్స్పియర్ నాటకాలలో 'వర్సర్' అనే రూపం ఉన్నది. అంటే తరభావం మీద మరొక తరభావం. మన పిల్లవాడు 'మోర్ వర్స్' అని వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టివేస్తాము. కొట్టివేయండి, కాని నవ్వకండి. అది మహాకవి కాలపు తప్పు! ఇంతకూ అదే తరహా రెట్టింపు రూపమైన 'లెస్సర్'ను ఇంగ్లీషు భాష నిక్షేపంగా ఆమోదించింది.

అరబ్బీ దారి వేరు. అక్కడ ధాతువులోని మూడు హల్లులను ఒక అచ్చులో పోస్తారు. కబీర్ అంటే పెద్ద, అక్బర్ అంటే మరింత పెద్ద. కరీమ్ అంటే ఉదారుడు, అక్రమ్ అంటే మరింత ఉదారుడు. షరీఫ్, అష్రఫ్, జమీల్, అజ్మల్ కూడ ఇటువంటి జతలే. మీ తరగతి హాజరుపట్టీ తీసి చూడండి. బెంగళూరు బడిలో ఈ పేర్లలో ఒకటి రెండైనా ఉండకపోవు. అరబ్బీ వ్యాకరణంలోని తరతమరూపాలు రోజూ ఉదయం మన ముందు నిలబడి "హాజర్ సార్" అంటున్నాయన్నమాట.

అయితే ఈ పేర్లన్నీ మంచిని చెప్పేవే. చెడు దగ్గరకు వచ్చేసరికి అరబ్బీ కూడ తన నియమాన్ని సడలించింది. చెడ్డ అని చెప్పే 'సయ్యిఅ' అనే మాటకు 'అస్వఅ' అనే నియమబద్ధమైన రూపం ఉన్నది. కాని 'షర్' అనే మాట ఉన్నదే, అది ఏ మార్పూ లేకుండానే చెడు అనీ, మరింత చెడ్డ అనీ, అన్నిటికంటె చెడ్డ అనీ మూడు పనులూ చేస్తుంది. మంచికి వాడే 'ఖైర్' కూడ అంతే. అరబ్బీ వైయాకరణులు దీనికి చెప్పే కారణం వినదగినది. మొదట ఇవి అషర్, అఖ్యర్ అని ఉండేవనీ, జనం నోట మరీ ఎక్కువగా నలిగి ముందరి అక్షరం అరిగిపోయిందనీ వారంటారు. ఉర్దూలో అల్లరికి చెప్పే 'షరారత్' ఈ షర్ కుటుంబంలోనిదే. మరొక చిక్కు కూడ ఉన్నది. గుడ్డి, కుంటి వంటి లోపాలను చెప్పే విశేషణాలు మొదటినుంచే అక్బర్ అచ్చులో ఉంటాయి. కనుక వాటికి వేరే తరరూపం చేయడానికి తావు లేదు. అక్కడ అరబ్బీవారు 'మరింత' అనే అర్థమిచ్చే మాటను ముందు చేర్చుకొంటారు, అచ్చం మనలాగే.

పోలిక ఎవరితోనో చెప్పడానికి అరబ్బీలో 'మిన్' వాడతారు. దాని అసలు అర్థం 'నుండి'. అన్నిటికంటె చెడ్డ అనాలంటే షష్ఠి వంటి సంబంధంతో 'జనులలో షర్' అన్నట్లు చెబుతారు. ఇప్పుడు మన బాలవ్యాకరణం తెరవండి. 1858 నాటి ఈ గ్రంథంలో పరవస్తు చిన్నయసూరి 'కంటె'ను వలన, పట్టిలతోపాటు పంచమీ విభక్తిలో ఉంచాడు, 'లో'ను షష్ఠిలో ఉంచాడు. "వానికంటె చెడ్డ" అన్నది పంచమి. "వారిలో చెడ్డ" అన్నది షష్ఠి. ఎక్కడి అరబ్బీ, ఎక్కడి తెలుగు! చుట్టరికం ఏమీ లేకపోయినా రెండూ ఒకే రెండు విభక్తుల దారిని పట్టాయి. దీనిని రాబర్ట్ కాల్డ్వెల్ 1856లోనే తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో గుర్తించాడు. ద్రావిడ భాషలు పోలికను చెప్పే రీతి ఇండో యూరోపియన్ పద్ధతికి కాక సెమిటిక్ భాషల పద్ధతికి దగ్గరగా ఉన్నదని ఆయన వ్రాశాడు.

కనుక "తెలుగులో వర్స్‌కు మాట లేదు" అని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకండి. మన విశేషణానికి మూడు మెట్లు లేవు, నిజమే. ఆ మెట్లు వాక్యంలో ఉన్నాయి. పైగా సంస్కృతం నుంచి మనము మెట్లున్న మాటలను కూడ తెచ్చుకొన్నాము. పోలిక విచారణకు మనము వాడే 'తారతమ్యం' అనే మాటే తర, తమ అనే రెండు ప్రత్యయాల కలయిక. ఫారసీలోని 'బద్', 'బద్తర్' చూడండి. ఆ తర్ మన తరకు సోదరుడే. (ఆ బద్‌కూ ఇంగ్లీషు బ్యాడ్‌కూ మాత్రం చుట్టరికం లేదు, కాకతాళీయమైన పోలిక. మన బద్మాష్, బదనాం ఫారసీ బద్ సంతానమే.) ఖరాబు అరబ్బీ మాట. అక్కడ దానికి పాడుపడడం అని అర్థం. అది కర్ణాటక పహణీలోకి చేరి సాగుకు పనికిరాని భూమికి 'ఎ' ఖరాబుగా, దారులకు వాగులకు విడిచిన భూమికి 'బి' ఖరాబుగా స్థిరపడింది. మాటలు వలస వచ్చాయి. పోల్చే పద్ధతి మాత్రం మనదే నిలిచింది.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. 'పాపిష్ఠి' అనే తిట్టు మీకు తెలుసు. సంస్కృతంలో పాప అంటే చెడ్డ, పాపీయ అంటే మరింత చెడ్డ, పాపిష్ఠ అంటే అన్నిటికంటె చెడ్డ. జ్యేష్ఠ, శ్రేష్ఠ, కనిష్ఠలలో ఉన్న ప్రత్యయమే ఇది. ఇంగ్లీషు వర్స్ట్ చివర ఉన్న 'స్ట్' కూడ దీని చుట్టమే. అంటే పాపిష్ఠి, వర్స్ట్ ఒకే అచ్చులో పోసిన మాటలు. కాని తెలుగులో "పాపిష్ఠి కాలం" అన్నప్పుడు ఎవరైనా కాలాలన్నిటినీ వరుసగా నిలబెట్టి పోలుస్తున్నారా? లేదు. ఆ మాటలో పోలిక ఎప్పుడో చచ్చిపోయింది, తిట్టు మిగిలింది. అరబ్బీ షర్ అరిగి అక్షరం పోగొట్టుకొన్నది. మన పాపిష్ఠి అరిగి అర్థం పోగొట్టుకొన్నది. ఇప్పుడు మన ఇళ్ళలో వర్స్ట్‌కు అదే గతి పడుతున్నది. చెడు మాటలు మంచి మాటలకంటె వేగంగా అరుగుతాయి కాబోలు, కోపంలో వాడతాము గనుక.

అరిగిన మాట పెద్దలకు బాధ కలిగించదు. పిల్లవాడికి కలిగిస్తుంది. "నాన్నకు కోపం వచ్చింది" అని వాడు అనుకోడు. "అందరిలోకి నేనే చెడ్డ" అని పూర్తి అర్థంతో వింటాడు. బడిలో వాడు నేర్చిన వ్యాకరణం వాడికి ఆ అర్థాన్నే చెప్పింది మరి.

తెలుగు వాక్యం మనలను ఇక్కడ కాపాడుతుంది. 'కంటె' అనగానే దేనికంటెనో చెప్పి తీరాలి. నిన్నటికంటెనా? అన్నకంటెనా? పక్కింటి పిల్లవాడికంటెనా? చెప్పబోయేసరికి సగం నిందలు నోటిలోనే కరిగిపోతాయి. అంతేకాదు, మన భాష చెడులో కూడ తక్కువ చెడును వెదకుతుంది. "రాయికంటె ఇటుక మెత్తన" అంటాము. "దానికంటె ఇదే నయం" అంటాము. రోగం కుదిరినా నయమే, చెడు తగ్గినా నయమే. ఇది మన ఒక్కరి గుణమే అనుకోకండి. 1869, 1876 మధ్య ఉస్మానియా సామ్రాజ్యంలో కూర్చిన 'మజల్లా' అనే న్యాయసంహితలో రెండు కీడులలో తేలికైనదానిని ఎన్నుకోవాలనే సూత్రం ఉన్నది. అక్కడ వాడిన 'అహ్వన్' అనే అరబ్బీ మాట అక్బర్ అచ్చులోనిదే. మరింత తేలిక అని దాని అర్థం. ఇంగ్లీషువారి 'లెస్సర్ ఈవిల్' కూడ ఇదే భావం.

అందుచేత ఉపాధ్యాయులకు ఒక మనవి. తరతమభావం చెప్పేటప్పుడు ఇంగ్లీషు పట్టికను తెలుగులోకి దింపి "చెడ్డ, ఎక్కువ చెడ్డ, చాలా చెడ్డ" అని నల్లబల్ల మీద వ్రాయకండి. 'చాలా' పోలికను చెప్పదు. "ఒకదానికంటె", "అన్నింటిలోకి" అనే రెండు వాక్యాలు నేర్పండి. కన్నడం తెలిసిన పిల్లలకు అదక్కింతను పక్కన పెట్టి చూపండి, వెంటనే పట్టుకొంటారు. బెంగళూరులో తెలుగు పాఠానికి దొరికే గంటలు తక్కువ. వారికి ముందే తెలిసినదానిని వాడుకోకపోతే నష్టం మనదే. తల్లిదండ్రులకు ఇంకొక మనవి. ఇంట్లో వర్స్ట్ అనే మాట వచ్చినప్పుడల్లా "ఎవరికంటె? దేనికంటె?" అని మిమ్మల్ని మీరే అడగండి.

ఆనాడు ఆ చిక్కపేట పిల్లవాడికి ఇంటిపనిగా కంటె వాడి తన తెలుగు గురించి రెండు వాక్యాలు వ్రాయమన్నాను. మరునాడు తెచ్చి చూపించాడు. నిరుటికంటె ఈ ఏడు తన గుణింతాలు నయమట. గుణింతాలకంటె ఒత్తులు మాత్రం నాసియట. దుకాణంలో నేర్చిన మాట! చూస్తే వాడు చెప్పినది అక్షరాలా నిజం. ఆ రోజునుంచి ఒత్తులు మొదలుపెట్టాము.